నిజాంసాగర్ రొయ్యకు కాటా దగ్గర కాపలా

తెలంగాణ రాష్ట్ర మత్స్యశాఖ కమిషనర్ గారికి,



నిజాంసాగర్‌లో రొయ్య పిల్లల్ని వదిలే రోజు చిన్న పండగ లాంటిది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు వస్తాయి, నాయకులు వస్తారు, ఫొటోలు దిగుతారు. ఎన్ని లక్షల పిల్లలు వదిలారో తెల్లారి పేపర్లో వస్తుంది. ఆరేడు నెలల తర్వాత ఆ పిల్లల్లో ఎన్ని బతికాయి, ఎన్ని కిలోలు వలకు చిక్కాయి, ఏ సైజులో చిక్కాయి, కిలోకు ఎంత పలికాయి అన్న వార్త మాత్రం అదే పేపర్లో కనపడదు. 2016-17లో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలై, మరుసటి ఏడాది రొయ్య పిల్లలు కూడా అందులో చేరాయి. ఇన్నేళ్లూ ఖర్చు పెట్టింది ప్రజల సొమ్మే గనక ఈ రెండో వార్త గురించి అడిగే హక్కు జనానికి ఉంది. పథకం దండగ అని తేల్చడానికి రాస్తున్న లేఖ కాదిది. పథకం ఆగిపోయిన చోటు నుంచి అసలు పని మొదలవుతుందని, ఆ పనికి మత్స్యకార సంఘాలు, హ్యాచరీలు, రొయ్య కొనే వ్యాపారులు ఒకే కాగితం మీద సంతకం పెట్టాలని చెప్పడానికే ఇది.

ముందు ఆ జీవి సంగతి చెప్పాలి, ఎందుకంటే వాదనంతా దాని పుట్టుకలోనే ఉంది. మనం జలాశయంలో వదిలేది నీలకంఠ రొయ్య. కోస్తా వాళ్లు స్కాంపి అంటారు. బతికేది మంచినీళ్లలోనే గాని పుట్టేది మంచినీళ్లలో కాదు. గుడ్లు మోసే ఆడ రొయ్య నదిలో కిందికి దిగి, సముద్రపు పోటు తగిలే ఉప్పుటేరు దాకా పోతుంది. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల ఆ సగం ఉప్పు నీళ్లలోనే పదకొండు దశలు దాటి, రొయ్య రూపం వచ్చాక మళ్లీ ఏటికి ఎదురెక్కుతుంది. పాలసముద్రంలో పుట్టిన విషం మింగి నీలకంఠుడైన శివుడి పేరు దీనికి ఎవరు పెట్టారో గాని, కడలి రుచి చూడందే ఈ జీవికీ బతుకు మొదలు కాదు. ఇప్పుడు మంజీర దారి చూడండి. నిజాంసాగర్ దాటిన నీరు కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, ఆ కింద మరికొన్ని బ్యారేజీలు, చివరికి ధవళేశ్వరం. గేట్లు ఎత్తినప్పుడు ఆడ రొయ్య కిందికి కొట్టుకుపోగలదేమో గాని, దాని పిల్ల ఇన్ని గోడలెక్కి నిజాంసాగర్‌కు తిరిగి రావడం కలలో మాట. కేరళలో ఈ రొయ్యకు పుట్టిల్లు లాంటి వెంబనాడ్ సరస్సులోనే తణ్ణీర్ముక్కం దగ్గర ఒక్క ఉప్పునీటి కట్ట అడ్డం రావడంతో దాని రాకపోకలకు గండి పడింది. మనకు అడ్డం ఉన్నవి ఒకటి కాదు, అరడజనుకు పైనే.

దీని అర్థం ఒక్కటే. నిజాంసాగర్‌లో పట్టే ప్రతి నీలకంఠ రొయ్యా ఎక్కడో తీరంలో ఒక హ్యాచరీ తొట్టిలో పుట్టిందే. పరిశ్రమతో భాగస్వామ్యం కావాలా వద్దా అనే చర్చ మన దగ్గర అనవసరం. పరిశ్రమ ఇప్పటికే ఇందులో ఉంది. కాకపోతే ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది. హ్యాచరీ టెండరు వేసి, పిల్లల్ని లెక్కపెట్టి ఇచ్చి, బిల్లు తీసుకుని వెళ్లిపోతుంది. ఆ పిల్లల్లో సత్తువ ఉందా, దారిలో ఎన్ని చచ్చాయి, నెల తిరిగేసరికి ఎన్ని మిగిలాయి అన్నది దాని బాధ్యత కాదు. అటు చివర కొనే వ్యాపారి ఉన్నాడు. వలలో ఏ సైజు వస్తే ఆ సైజు కొంటాడు, ఐసు పెట్టెలో వేసుకుని పోతాడు. జలాశయం వచ్చే ఏడాది ఎలా ఉంటుందన్నది అతనికీ పట్టదు. మధ్యలో వల వేసే మనిషి ఒక్కడే లాభనష్టాలు రెండూ మోస్తున్నాడు. నిర్వహణ నియమాలు రాసినప్పుడు కూడా అవి అతని వల మీదే పడతాయి: ఇంత కన్ను ఉండాలి, ఈ నెలల్లో పట్టకూడదు, అని.

సరిగ్గా ఇక్కడే తప్పు జరుగుతోందని నా అభిప్రాయం. నిండితే 17.8 టీఎంసీల నీళ్లు పరుచుకునే జలాశయంలో, ఏ తెప్ప మీద ఎవరి వల కన్ను ఎంత ఉందో రాత్రిపూట తిరిగి చూడటానికి మీ శాఖలో ఎంతమంది సిబ్బంది కావాలి? ఎంతమంది ఉన్నారు? నీళ్ల మీద వందల వలలు ఉంటాయి. కాటాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎన్ని వలలు వేసినా ఆ సరుకంతా చివరికి కొద్దిమంది కొనుగోలుదారుల కాటాల మీదికే ఎక్కాలి. కాపలా పెట్టాల్సింది అక్కడ. రొయ్యల వ్యాపారంలో ఇందుకు పనికొచ్చే కొలమానం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని కౌంట్ అంటారు, కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. ముప్పై కౌంట్ అంటే పెద్ద రొయ్య, వంద కౌంట్ అంటే చిన్నది. కోస్తా జిల్లాల్లో చెరువు గట్టు మీద పిల్లవాడికి కూడా తెలిసిన మాట ఇది. వల కన్ను కొలవడానికి అధికారి కావాలి. కౌంట్ చూడటానికి కిలో రొయ్యలు, పది వేళ్లు చాలు.

ఈ పద్ధతి ఎక్కడైనా నడిచిందా అని మీరు అడగొచ్చు. నడిచింది. కొల్లం పక్కన ఉన్న అష్టముడి సరస్సులో గుల్లల వేట 1981 నుంచి ఎగుమతుల కోసం ఊపందుకుంది. 1991 నాటికి ఏటా పదివేల టన్నుల దాకా తీశారు. రెండేళ్లు తిరిగేసరికి అది సగానికి పడిపోయింది. ఆ దెబ్బ తిన్నాక గుల్లలు తీసేవాళ్లు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ప్రభుత్వం కలిసి నియమాలు పెట్టుకున్నారు. గుల్లలు గుడ్లు పెట్టే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట బంద్. వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మూడోది నాకు అన్నిటికన్నా తెలివైనదిగా అనిపిస్తుంది: మాంసం కిలోకు 1400 కంటే ఎక్కువ తూగే చిన్న గుల్లల్ని ఎగుమతి చేయకూడదు. మొదటి రెండు నియమాలకు కాపలా సరస్సులో కాయాలి. మూడోదానికి కాపలా ఎగుమతిదారు షెడ్డులోనే. చిన్న గుల్ల కొనేవాడు లేకపోతే దాన్ని తీసేవాడు ఎందుకు తీస్తాడు? తర్వాత మత్స్యకారులు, ఎగుమతిదారులు, అధికారులు, శాస్త్రవేత్తలు ఒక పాలకమండలిగా కూర్చున్నారు. 2014 నవంబర్‌లో ఆ వేటకు, నిలకడగా సాగే వేటలకు ఇచ్చే మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువపత్రం వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చేపల వేట అదే.

అష్టముడి కథ అక్కడితో సుఖాంతం కాలేదన్నది నిజం, దాచిపెట్టాల్సిన పని లేదు. తర్వాతి ఏళ్లలో అమెరికా ఖండం నుంచి వచ్చిన ఒక ఆల్చిప్ప జాతి సరస్సు అడుగున పరుచుకుని గుల్లల్ని ఊపిరాడనీయకుండా చేసింది. ఈ మధ్య శాస్త్రవేత్తలు అక్కడ గుల్ల పిల్లల్ని వదలాల్సి వచ్చింది. ధ్రువపత్రం ఆ గుల్లల్ని కాపాడలేదు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వేటకు పెట్టిన నియమం వేటను అదుపు చేస్తుంది గాని బయటి నుంచి వచ్చే చీడను ఆపలేదు. కానీ ఎంత తగ్గింది, ఎప్పటి నుంచి తగ్గింది, ఎందుకు తగ్గింది అని చెప్పడానికి వాళ్ల దగ్గర ముప్పై ఏళ్ల లెక్కలున్నాయి. నిజాంసాగర్ రొయ్య రేపు మాయమైతే మన దగ్గర చూపించడానికి ఏముంది? సంచులు వదిలిన ఫొటో తప్ప!

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. అష్టముడి గుల్ల అక్కడే పుట్టి అక్కడే పెరిగేది, దాన్ని గుడ్లు పెట్టనిస్తేనే రేపటికి పంట. మన రొయ్య ఎలాగూ ఇక్కడ గుడ్లు పెట్టి పిల్లల్ని చేయలేదు, ఏటా కొత్తగా తెచ్చి వదలాల్సిందే. అలాంటప్పుడు చిన్నదైతేనేం, పెద్దదైతేనేం, దొరికినంత పట్టుకుంటే పోయేదేముంది? వినడానికి సబబుగానే ఉంది. కానీ మన దగ్గర కాపాడాల్సింది గుడ్డును కాదు, పెరుగుదలను. చేతి లెక్క ఒకటి వేద్దాం. ఇరవై గ్రాముల రొయ్యలు వంద పట్టారనుకోండి, రెండు కిలోలు. అదే వందను ఇంకొన్ని నెలలు వదిలేస్తే సగం చచ్చిపోయినా, మిగిలిన యాభై ఎనభై గ్రాములకు చేరితే నాలుగు కిలోలు. తూకం రెట్టింపయింది, పెద్ద కౌంట్ గనక ధర కూడా పెరిగింది. సగం కంటే ఎక్కువ చస్తాయా, తక్కువ చస్తాయా అన్నది జలాశయాన్ని బట్టి ఉంటుంది. అందుకే కదా లెక్కలు కావాలంటున్నది. ఈ జాతికి ఇంకో గుణం ఉంది. మగ రొయ్యలన్నీ ఒకేలా పెరగవు. పొడవాటి నీలి కొండీలున్న పెద్ద మగవి ఏలుతుంటే, వాటి నీడలో చిన్న మగవి ఎదగకుండా ఉండిపోతాయి. ఆ పెద్దవాటిని ఏరి పట్టేస్తే కింద ఉన్నవి ఒక్క ఉదుటున పెరుగుతాయి. చెరువుల్లో స్కాంపి పెంచినవాళ్లకు ఇది తెలిసిన పాఠమే, మధ్యమధ్య పెద్దవాటిని ఏరడం వాళ్ల రివాజు. అంటే పెద్దది పట్టి చిన్నది వదలడం త్యాగం కాదు. వదిలిన చిన్నది పెరగడానికి దారి ఇవ్వడం.

హ్యాచరీల వైపు చూస్తే అక్కడా ఒక గుణపాఠం ఉంది. 2000 దశకం నడుమ నాటికి దేశంలో స్కాంపి పెంపకం నలభై వేల టన్నులు దాటింది, అందులో పెద్ద వాటా ఆంధ్ర తీరానిది. ఆ వెంటనే కుప్పకూలింది. తోక తెల్లబడే వైరస్ జబ్బు, తరాల తరబడి అవే తల్లి రొయ్యల్ని వాడటంతో నీరసపడ్డ పిల్లలు, పెరుగుదల మందగించడం అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. 2009లో వనామి అనే మరో రొయ్య రకం వచ్చాక రైతులు అటు మళ్లిపోయారు. తర్వాత భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలచరాల పరిశోధన సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా నదుల రొయ్యల్ని కలిపి, తరతరానికీ ఎంపిక చేస్తూ మెరుగైన స్కాంపి రకాన్ని తయారుచేసింది. మంచి పిల్ల, చెడ్డ పిల్ల అనే తేడా చిన్నది కాదని ఈ చరిత్రే చెబుతోంది. కానీ తలకు ఇంత అని లెక్కగట్టి కొనే టెండరులో ఆ తేడాకు విలువ లేదు. తక్కువ ధర కోట్ చేసినవాడే గెలుస్తాడు, వాడి తల్లి రొయ్యలు ఏ నది నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. అందుకే నా ప్రతిపాదనలో హ్యాచరీకి కూడా ఒక కట్టుబాటు ఉంది. పిల్లలు అప్పగించిన రోజు బిల్లులో ఎక్కువ భాగం ఇవ్వండి. అప్పగింత మాత్రం సంఘం మనుషుల కళ్ల ముందు, సైజు కొలిచి, నమూనా సంచులు విప్పి లెక్కపెట్టాక జరగాలి. మిగిలిన భాగం, అయిదో వంతు అనుకుందాం, సీజను చివర కాటా పుస్తకాల్లో తేలిన దిగుబడిని బట్టి ఇవ్వండి. అప్పుడు హ్యాచరీకి కూడా నిజాంసాగర్‌లో పని పడుతుంది. పిల్లను చిన్నప్పుడే విసిరేయకుండా కొన్నాళ్లు నర్సరీలో పెంచి తేవడం లాభమని దానికే తోస్తుంది. జలాశయంలో వాలుగలున్నాయి, కొర్రమేనులున్నాయి. గోరంత పిల్ల వాటికి ఫలహారం.

వరద వస్తే మేమేం చేస్తామని హ్యాచరీలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్న. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా మీద పడ్డ వాన ఎవరూ మరిచిపోలేదు. గేట్లు ఎత్తితే పిల్లలు నీళ్లతోపాటు పోతాయి. 2015-16లో దానికి పూర్తి తలకిందులు, జలాశయమే ఎండిపోయింది. ఎగువన సింగూరు కట్టిన నాటి నుంచి మంజీర నీళ్లు మనకు ఎప్పుడు ఎంత వస్తాయో మన చేతిలో లేదు. కాబట్టి పిల్లలు వదిలిన ఇన్ని రోజుల్లోపు గేట్లు ఎత్తితే ఆ అయిదో వంతు షరతు వర్తించదని ఒప్పందంలో రాసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, వదిలే తేదీని అధికారుల పర్యటన కాకుండా ఇన్‌ఫ్లో లెక్క నిర్ణయించాలి. ఆలస్యమైనా నష్టమే. యాసంగి పంటకు కాల్వ వదిలాక నీటిమట్టం దిగడం మొదలవుతుంది, రొయ్యకు పెరగడానికి కనీసం ఆరు నెలలు కావాలి. వరద తగ్గడానికీ కాల్వ పారడానికీ మధ్య దొరికేది ఇరుకు సందు. నీటిపారుదల శాఖ దగ్గరున్న ఆ షెడ్యూలు సంఘాలకు ముందే చేరితే సగం చిక్కు విడిపోతుంది. ఒక ఫోను కాల్‌తో అయ్యే పని, రెండు శాఖల మధ్య ఫోను కాల్ ఎంత దూరమో తెలిసీ రాస్తున్నాను.

ఇక పేదవాడి ప్రశ్న. పొద్దంతా తెప్ప మీద తిరిగి చివరికి వలలో చిన్న రొయ్యలే వస్తే, వాటిని తిరిగి నీళ్లలో వదలమనడం కడుపు నిండినవాళ్ల నీతి అంటారు. నిజమే, నియమం అతని ఒక్కడి మీదే పెడితే అది అన్యాయమే. చిన్నది పట్టక తప్పని పరిస్థితి ఎక్కడిది? చాలాచోట్ల అది అప్పులోంచి వస్తుంది. వలకూ తెప్పకూ బయానా ఇచ్చిన దళారికే సరుకు పోయాలి, అతను చెప్పిన ధరకే పోయాలి. పెద్ద రొయ్యకూ చిన్న రొయ్యకూ ఒకటే గంపగుత్త ధర కట్టినప్పుడు ఎదురుచూసినవాడు మూర్ఖుడవుతాడు. అందుకే కొనుగోలుదారు సంతకం కావాలంటున్నాను. కౌంట్‌ను బట్టి ధరల పట్టిక సీజను మొదట్లోనే ప్రకటించాలి. ఒప్పుకున్న కౌంట్ కంటే చిన్న సరుకు ఒప్పందంలో ఉన్న ఏ వ్యాపారీ కొనకూడదు. బయానా అవసరమైతే మత్స్య సహకార సంఘాల సమాఖ్య నుంచి, బ్యాంకు నుంచి ఇప్పించాలి. జాతీయ సహకార అభివృద్ధి సంస్థ అప్పుతో వెయ్యి కోట్ల పథకం పెట్టి మోపెడ్లు, వాహనాలు ఇవ్వగలిగిన ప్రభుత్వానికి వల పెట్టుబడి ఇవ్వడం భారం కాదు. అయినా దొంగచాటుగా కొనేవాడు ఉంటాడు. ఉంటాడు, కాని అతని సరుకు హైదరాబాద్ మార్కెట్లో నమ్మకమైన పేరు లేకుండా అమ్ముడుపోవాలి. కాటా పుస్తకంలో ఎక్కిన రొయ్యకు నిజాంసాగర్ అనే పేరుతో ధర పెంచగలిగితే దొంగ కాటా దానంతటదే చిక్కిపోతుంది.

ఎక్కువమంది గట్టిగా అడిగేది ఇది: కంపెనీలను లోపలికి రానిస్తే జలాశయాన్నే రాయించుకుంటాయి, ఒకప్పటి గుత్తేదారులు కొత్త పేరుతో తిరిగి వస్తారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. చెరువు వేలం పాడి, ఊరి బెస్తవాళ్లను, ముదిరాజ్‌లను కూలీలుగా చేసిన కాలం ఇంకా మరపున పడలేదు. అందుకే గీత స్పష్టంగా ఉండాలి. నీటి మీద హక్కు, వేట లైసెన్సు సంఘాల సభ్యులవి, వాటిలో వ్యాపారికి గాని హ్యాచరీకి గాని గింజంత వాటా ఉండకూడదు. ఒకే కొనుగోలుదారు ఉండకూడదు, కనీసం ముగ్గురు నలుగురు ఉండాలి. ఒప్పందం ఏడాదికోసారి తెలుగులో రాసి సంఘాల సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. నన్నడిగితే, ఇప్పుడున్న పద్ధతిలోనే గుత్తేదారుకు ఎక్కువ బలం ఉంది. ఏ కాగితం మీదా లేనివాడిని ఏ కాగితంతో కట్టేస్తాం?

రొయ్య పిల్లలు కొనే డబ్బును నేరుగా సంఘాల ఖాతాల్లో వేస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారనే వాదన కూడా ఉంది. నగదు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నగదు ఎవరు కొనాలన్న ప్రశ్నకే జవాబిస్తుంది. ఎంత సైజులో పట్టాలి, ఎప్పుడు ఆపాలి, లెక్క ఎవరు రాయాలి అన్న ప్రశ్నలు అలాగే మిగులుతాయి.

లెక్క రాయడం కష్టమేమీ కాదు. ఒప్పందంలో ఉన్న ప్రతి కాటా దగ్గర తేదీ, కిలోలు, కౌంట్, ధర అనే నాలుగు గళ్లున్న పుస్తకం ఉంటే చాలు. వ్యాపారి బిల్లూ, సంఘం పుస్తకమూ నెలకోసారి ఎదురెదురుగా పెట్టి చూస్తే తేడా అక్కడే బయటపడుతుంది. పెబ్బేరు మత్స్య కళాశాల విద్యార్థులు సీజనుకు రెండు మూడుసార్లు వచ్చి నమూనాలు కొలిస్తే శాస్త్రం వైపు కూడా లోటుండదు. చేప ఆకారంలో భవనం కట్టుకున్న జాతీయ మత్స్యాభివృద్ధి బోర్డు హైదరాబాద్‌లోనే ఉంది. ఆ చేప కడుపులోంచి ఒక్క రొయ్యల జలాశయానికి నమూనా పథకం ఖర్చు తేలేమా?

అన్ని జలాశయాల్లో ఒకేసారి చేయమని అడగడం లేదు. నిజాంసాగర్ ఒక్కదానిలో మూడు సీజన్లు చూడండి. రొయ్య పిల్లల వచ్చే టెండరు షరతులు రాసేముందు నిజాంసాగర్ సంఘాల ప్రతినిధులను, బాన్సువాడ, పిట్లం, ఎల్లారెడ్డి వైపు సరుకు కొనే వ్యాపారులను, టెండరు వేయాలనుకునే హ్యాచరీలను, నీటిపారుదల ఇంజనీర్లను ఒక గదిలో కూర్చోబెట్టండి. ఎజెండాలో ఒక్క అంశం చాలు: ఎన్ని కౌంట్ కంటే చిన్న రొయ్యను ఎవరూ కొనకూడదు? ఆ అంకె ఎంతో వాళ్లనే తేల్చుకోనివ్వండి. తేలిన అంకెను టెండరు కాగితంలోనూ, ప్రతి కాటా పక్కన గోడ మీదా రాయించండి.

ఇట్లు,
బాన్సువాడ వాసి ఒకరు